మెడికల్ సోషల్ వర్కర్ కావాలంటే ఏం రావాలి?

"డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేసి ఆస్పత్రిలో సోషల్ వర్కర్‌గా చేరాలని ఉంది. జనంతో మాట్లాడటం ఇష్టం, సేవ చేయాలన్న కోరిక ఉంది. కానీ ఎవరైనా ఏడిస్తే నాకూ ఏడుపొచ్చేస్తుంది. నేను ఈ పనికి సరిపోతానా? ఏ స్కిల్స్ నేర్చుకోవాలి?" అని అడిగారు.

నేను ఈ పనిలో 22 ఏళ్లుగా ఉన్నాను. మొదట తెలంగాణలో ఒక జిల్లా ప్రభుత్వ ఆస్పత్రిలో, తర్వాత హైదరాబాద్‌లో కిడ్నీ, క్యాన్సర్ రోగుల మధ్య. మీ ప్రశ్నకు కమ్యూనికేషన్, ఓర్పు, టీమ్‌వర్క్ అని మూడు మాటల్లో జవాబు ఇవ్వొచ్చు. అది తప్పు కాదు, కానీ వార్డులో అడుగుపెట్టిన మొదటి రోజు ఆ మూడు మాటలతో ఏం చేయాలో తెలియదు. అందుకని నేను చూసినవే చెబుతాను. ఏడుపు సంగతి చివర్లో చెబుతాను.

ముందు ఒక డయాలసిస్ కేసు. యాభై దాటిన ఒకావిడ. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు మెషీన్ మీద ఉండాలి. సోమవారం వచ్చేది, బుధవారం వచ్చేది, శుక్రవారం మాత్రం తరచూ ఎగ్గొట్టేది. రెండుసార్లు ఊపిరాడక అర్ధరాత్రి ఎమర్జెన్సీకి మోసుకొచ్చారు. కేస్ షీట్‌లో "నాన్ కంప్లయంట్" అని రాసి ఉంది, అంటే చెప్పిన మాట వినడం లేదని. నర్సులు కోప్పడ్డారు, డాక్టరు గారు ప్రాణం పోతుందని భయపెట్టారు. ఆమె తల వంచుకుని "వస్త సారూ" అనేది, మళ్లీ వచ్చేది కాదు. నేను పక్కన స్టూల్ వేసుకుని, "శుక్రవారం పొద్దున లేచినకాడి నుంచి మీ ఇంట్ల ఏమేం జరుగుతదో చెప్పమ్మా" అని అడిగాను. చెప్పింది. శుక్రవారం వాళ్ల మండలంలో సంత. కొడుకు ఆటో నడుపుతాడు. ఆ ఒక్క రోజు కూరగాయల మూటలు వేసుకుంటే మిగతా వారమంతా వచ్చినంత కిరాయి వస్తుంది. తనను ఆస్పత్రికి తీసుకురమ్మంటే ఆ కిరాయి పోతుంది. ఆ సంగతి కొడుకుతో అనలేదు, మాతోనూ అనలేదు. యూనిట్ ఇన్‌ఛార్జితో మాట్లాడి ఆమెను మంగళ, గురు, శనివారాల బ్యాచ్‌లోకి మార్పించాం. ఎవరికీ ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. అర్ధరాత్రి ఎమర్జెన్సీకి రావడం ఆగిపోయింది.

మన పని ఇదే. జబ్బును డాక్టరు చూసుకుంటారు. ఆయన రాసిన వైద్యం ఆ ఇంట్లో ఎక్కడ ఆగిపోతోందో కనుక్కుని, ఆ అడ్డు తీయించడం మనం చేయాలి. 1905లో అమెరికాలోని బోస్టన్‌లో, మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో డాక్టర్ రిచర్డ్ క్యాబట్ ఆస్పత్రికి సోషల్ వర్కర్లను తెచ్చుకున్నది కూడా ఇందుకే. తాను రాసే సలహా పేదల ఇళ్లలో అమలు కావడం లేదని ఆయన గమనించాడు. మన దేశంలో 1946లో బొంబాయి జె.జె. ఆస్పత్రిలో మొదటి నియామకం జరిగింది. ఇన్నేళ్లు గడిచినా పని సారం మారలేదు.

కాబట్టి మొదట రావలసింది అడగడం. మాట్లాడటం ఇష్టమన్నారు, మంచిదే, కానీ ఇక్కడ మీరు మాట్లాడేది తక్కువ ఉండాలి. "ఎందుకు" అన్న మాటతో ప్రశ్న మొదలుపెట్టకండి. "మందులు ఎందుకు వేసుకోలేదు?" అంటే నిలదీసినట్టే వినిపిస్తుంది, వెంటనే ఒక సాకు బయటికొస్తుంది. "నిన్న రాత్రి మందుల టైమ్‌కి ఇంట్లో ఎవరెవరు ఉన్నారు?" అని అడిగితే కథ వస్తుంది. నేను కొత్త రోగి ఎవరొచ్చినా తప్పకుండా అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఇక్కడికి ఎలా వచ్చారు, తిరిగి ఎలా వెళ్తారు? రాత్రి ఎక్కడ పడుకుంటున్నారు? ఇంటి దగ్గర పిల్లల్ని, బర్రెల్ని ఎవరు చూసుకుంటున్నారు? ఇప్పటిదాకా ఎక్కడెక్కడ చూపించారు, ఎంతయింది, ఆ డబ్బు ఎక్కడి నుంచి తెచ్చారు?

రాత్రి ఎక్కడ పడుకుంటున్నారన్న ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. రేడియేషన్ వైద్యం సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున ఐదారు వారాలు నడుస్తుంది. ఒక్కో డోసు కొన్ని నిమిషాలే. దానికి అడ్మిషన్ ఇవ్వరు. ఆదిలాబాద్ నుంచో మహబూబ్‌నగర్ నుంచో వచ్చినవాళ్లు రోజూ పోయి రాలేరు. గొంతు క్యాన్సర్ ఉన్న ఒక రోగి మూడో వారంలో వైద్యం ఆపేసి వెళ్లిపోతానన్నాడు. నోరు పుండై మింగలేకపోతున్నాడు కాబట్టి నొప్పి భరించలేకే అనుకున్నారు అందరూ. అడిగితే తెలిసింది, భార్యాభర్తలు పదహారు రాత్రులుగా ఆస్పత్రి బయట బస్టాప్‌లో పడుకుంటున్నారు. వాన మొదలైంది. ధర్మశాలలో ఒక గది దొరికాక నొప్పి నొప్పిలాగే ఉంది, అయినా వైద్యం పూర్తి చేసుకునే వెళ్లాడు.

డబ్బు ప్రశ్న అడగడానికి కొత్తవాళ్లు మొహమాటపడతారు. పడకండి. మన దగ్గరికి వచ్చేసరికి ఆ కుటుంబం ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర, తర్వాత టౌన్‌లో నర్సింగ్‌హోమ్‌లో, తర్వాత స్కానింగ్ సెంటర్లలో ఖర్చుపెట్టి ఉంటుంది. పుస్తెలు తాకట్టులో ఉంటాయి. నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు నడుస్తూ ఉంటుంది. ఇవి తెలియకపోతే, ఒక రోజు పొద్దున బెడ్ ఖాళీగా కనబడి, "డాక్టర్ల సలహాకు విరుద్ధంగా వెళ్లిపోతున్నాము" అన్న కాగితం మీద వేలిముద్ర వేసి వెళ్లారని తెలుస్తుంది. వెళ్లేవాళ్లలో చాలామంది రెండు రోజుల ముందు నుంచే సూచనలు ఇస్తారు. అటెండెంట్లలో మగవాళ్లు కనిపించకుండా పోవడం, టిఫిన్ ఒకటే తెచ్చి ఇద్దరు తినడం, "ఇంకెన్ని రోజులు" అని నర్సును పదే పదే అడగడం. చూడటం అలవాటైతే ఇవి కనిపిస్తాయి.

అడిగాక ఊరుకోవడం కూడా నేర్చుకోవాలి. జవాబు రావడానికి ఒక నిమిషం పడితే ఆ నిమిషం ఆగాలి. మనవాళ్లకు మౌనం ఇబ్బందిగా ఉంటుంది, ఏదో ఒక ఓదార్పు మాటతో నింపేస్తాం. "ఏం కాదులే, ధైర్యంగా ఉండు" అన్న మాట నోటికి వచ్చినప్పుడల్లా ఆపుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఆ మాట విన్న రోగి ఇక తన భయం గురించి మనతో మాట్లాడడు.

కొన్ని సంగతులు అటెండెంట్లు పక్కన ఉండగా బయటికి రావు. పురుగుల మందు తాగిన ఒక కుర్రవాడిని తెచ్చారు. తండ్రి "పొరపాటున తాగిండు మేడం, నీళ్ల సీసా అనుకున్నడు" అన్నాడు. కుర్రవాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. మెడికో లీగల్ కేసు ఎలాగూ నమోదవుతుంది, పోలీసులు వచ్చి వాంగ్మూలం తీసుకుంటారు. కొడుకును జైల్లో వేస్తారేమోనని ఆ తండ్రి భయం. ఇక్కడ చట్టం తెలిసి ఉండాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు, ప్రభుత్వం వైద్యం అందించాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 సెక్షన్‌ను కొనసాగించలేదు. ఈ రెండు సంగతులు తండ్రికి నెమ్మదిగా చెప్పాక ఆయన భుజాలు దిగాయి, మా ఇద్దరినీ వదిలి టీకి వెళ్లాడు. అప్పుడు కుర్రవాడు మాట్లాడాడు. సైకియాట్రిస్ట్‌కు రెఫర్ చేయించాం. డిశ్చార్జి రోజున తల్లిని పక్కకు పిలిచి, "ఇంటికెళ్లాక మందు డబ్బాలు ఎక్కడుంటాయి?" అని అడిగాను. వంటగది అటక మీద. వాటిని ఇంట్లోంచే తీసేయించి, తాళం వేసే చోట పెట్టించే దాకా ఫోన్ చేస్తూనే ఉన్నాను. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 కాగితం మీద రాసి తల్లికి ఇచ్చాను. ఇలాంటి కేసుల్లో కౌన్సెలింగ్ అంటే మంచి మాటలు చెప్పడం ఒక్కటే అనుకోవద్దు. డబ్బా ఎక్కడుందో అడగడం కూడా అందులో భాగమే.

భాష గురించి కొంచెం. జనం తమ జబ్బును తమ మాటల్లో చెబుతారు. గడ్డ, వాయు, నీరు వచ్చింది, రక్తం తగ్గింది, పెద్ద జబ్బు. ఏ మాట వెనక ఏ భయం ఉందో తెలియాలి. డాక్టరు చెప్పింది అర్థమైందా అని అడిగితే అందరూ అర్థమైందనే అంటారు. దానికి బదులు "ఇంటికి పోయినంక మీ అత్తకు ఈ సంగతి ఎట్ల చెప్తవు?" అని అడగండి. ఏం అర్థమైందో, ఏం కాలేదో ఆ చెప్పడంలో తెలిసిపోతుంది. హైదరాబాద్‌లో పనిచేయాలంటే కొంచెం ఉర్దూ, హిందీ రావాలి. ఇటుక బట్టీల్లో పనికి ఒడిశా నుంచి వచ్చినవాళ్లు ఉంటారు, తండాల నుంచి, గూడేల నుంచి వచ్చినవాళ్లు ఉంటారు. అన్ని భాషలూ మనకు రావు. కానీ రోగి పదేళ్ల కూతురిని దుబాసీగా పెట్టుకుని తల్లికి గర్భసంచి క్యాన్సర్ అని చెప్పించకూడదన్న ఇంగితం ఉండాలి. వార్డులో ఆ భాష వచ్చిన ఆయమ్మనో, సెక్యూరిటీ అతన్నో, రోగి అనుమతితో పిలవవచ్చు.

ఇక కాగితాలు. ఈ పని ఎవరికీ నచ్చదు, కాలేజీలోనూ పెద్దగా నేర్పరు. నా లెక్కలో రోగికి అన్నిటికంటే ఎక్కువ మేలు జరిగేది ఇక్కడే. ఆరోగ్యశ్రీ 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది. తెలంగాణలో 2023 డిసెంబర్‌లో పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు దాన్ని డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. పథకం పేరు తెలిస్తే సరిపోదు. ఏ జబ్బు ఏ ప్యాకేజీలో వస్తుంది, అనుమతికి ఏ రిపోర్టులు పెట్టాలి, ఆరోగ్యమిత్ర (ఆస్పత్రిలో ఈ పథకం పని చూసే ఉద్యోగి) ఏ టైమ్‌కి సీట్లో ఉంటారు, ఈ ఆస్పత్రికి ఆ స్పెషాలిటీలో అనుమతి ఉందా, ఇవన్నీ తెలియాలి. ముఖ్యమంత్రి సహాయనిధి విషయంలో వైద్యానికి ముందే ఎల్‌ఓసీ (ఖర్చు చెల్లిస్తామని ఆస్పత్రికి ప్రభుత్వం ఇచ్చే లేఖ) కావాలంటే ఆస్పత్రి ఇచ్చే ఖర్చు అంచనా కాగితం కావాలి. అయిపోయాక డబ్బు తిరిగి రావాలంటే ఒరిజినల్ బిల్లులు కావాలి. అందుకే అడ్మిషన్ రోజునే ఒక ప్లాస్టిక్ కవర్ ఇచ్చి "ఏ కాగితమూ పారేయకండి" అని చెబుతాను. వైకల్యం ఉన్నవాళ్లకు సదరం (వైకల్య నిర్ధారణ) సర్టిఫికెట్, యూడీఐడీ (వైకల్య గుర్తింపు) కార్డు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. తలసేమియా, సికిల్ సెల్, హీమోఫీలియా కూడా అందులో ఉన్నాయని చాలా కుటుంబాలకు తెలియదు. టీబీ రోగికి నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకు 500 రూపాయలు 2018 నుంచి ఇస్తున్నారు, 2024 నవంబర్ నుంచి అది 1,000 అయింది. అది బ్యాంకు ఖాతాలో పడాలి. ఖాతా పనిచేయకపోతే, ఆధార్‌లో పేరు ఒకలా, పాస్‌బుక్‌లో ఇంకోలా ఉంటే పడదు. పేర్లు సరిపోల్చి చూడటం చిన్న పనిగా అనిపిస్తుంది, కానీ దానివల్లే డబ్బు ఆగిపోయిన ఇళ్లు ఎన్నో చూశాను.

నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. అప్పటికి చేరి కొన్నేళ్లే అయింది. కొత్తగా పెళ్లయిన అమ్మాయి, గుండె వాల్వు ఆపరేషన్. రేషన్ కార్డు ఉందా అంటే ఉందన్నారు. "అయితే ఆరోగ్యశ్రీలో అయిపోతుంది, మీరు డబ్బు గురించి టెన్షన్ పడకండి" అని చెప్పేశాను. కార్డు తెరిచి చూడలేదు. పెళ్లయ్యాక పుట్టింటి కార్డులో ఆ అమ్మాయి పేరు తీయించారు, అత్తింటి కార్డులో ఇంకా ఎక్కించలేదు. ఏ కార్డులోనూ ఆమె లేదు. నా మాట నమ్మి ఆ ఇంటివాళ్లు నాలుగు రోజులు ఇంకే ప్రయత్నమూ చేయలేదు. ఆపరేషన్ వాయిదా పడింది. పత్రాలు సరిచేయించి, చివరికి ఆపరేషన్ అయింది, అమ్మాయి బాగానే ఉంది. కానీ ఆ నాలుగు రోజులు ఆమె ఊపిరి ఎలా తీసుకుందో నేను చూశాను. అప్పటి నుంచి "అయిపోతుంది" అన్న మాట వాడను. "కాగితం చూస్తాను, రేపు 11 గంటలకు వచ్చి ఏ సంగతో చెబుతాను" అంటాను. 11కి వెళ్తాను, పని కాకపోయినా వెళ్లి కాలేదని చెబుతాను. రోగులు మనల్ని నమ్మేది దీనివల్లే.

రాయడం రావాలి. చక్కగా కాదు, పనికొచ్చేలా. "కుటుంబం పేదది, కౌన్సెలింగ్ ఇవ్వబడింది" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. నా దగ్గర ఫీల్డ్‌వర్క్‌కి వచ్చే విద్యార్థులకు ఇలా రాయమంటాను: "భర్త తాపీ పని, వారంగా పనికి వెళ్లలేదు. ఇంట్లో ఆరేళ్ల పిల్ల పక్కింటివాళ్ల దగ్గర. ఊరికి చివరి బస్సు 5.30కి. ఇన్సులిన్ పెట్టడానికి ఇంట్లో ఫ్రిజ్ లేదు. రేపటి డిశ్చార్జికి ముందు ఇన్సులిన్ నిల్వ గురించి సిస్టర్ నేర్పాలి, నేను గురువారం ఫోన్ చేస్తాను." ఐదు లైన్లు. డ్యూటీ డాక్టరు నడుస్తూ చదివినా ఏం చేయాలో తెలుస్తుంది.

డాక్టర్లతో మాట్లాడటం కూడా ఇలాగే. రౌండ్స్‌లో మీకు ఒకటిన్నర నిమిషం దొరుకుతుంది. "పాపం సార్, చాలా పేదవాళ్లు" అని మొదలుపెడితే ఆ టైమ్ అయిపోతుంది. "సార్, 14వ బెడ్. రోజూ ఇంజెక్షన్‌కి రావాలంటే రోజు కూలీ పోతుంది. వాళ్ల ఊరి పీహెచ్‌సీలో వేయించుకునే వీలుంటే రాసివ్వండి, నేను అక్కడి సిస్టర్‌తో మాట్లాడాను" అనండి. వెంటనే పని జరుగుతుంది. వైద్యం మనం చదవలేదు, చదివినట్టు నటించకూడదు. కానీ క్రియాటినిన్ అంటే ఏమిటి, కీమో సైకిల్ అంటే ఎన్ని రోజులు, స్టేజ్ అంటే ఏమిటి అన్నంత తెలియాలి. తెలియనిది సిస్టర్లను అడిగి నేర్చుకోండి. వార్డులో అసలు సంగతులన్నీ తెలిసేది వాళ్లకే. వాళ్లతో పొగరుగా ఉన్న సోషల్ వర్కర్ ఎవరూ నిలబడటం నేను చూడలేదు.

"ఆయనకు మాత్రం చెప్పకండి మేడం" అన్న మాట క్యాన్సర్ వార్డులో రోజూ వింటారు. కొడుకులు దండం పెట్టి అడుగుతారు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు, ప్రేమతోనే అడుగుతారు. జబ్బు సంగతి చెప్పవలసింది డాక్టరు, మనం కాదు. మనం చేయగలిగింది రోగిని ముందుగానే అడగడం: "మీ జబ్బు గురించి డాక్టరు గారు చెప్పేవి మీరే వింటారా, ఇంట్లో ఎవరికైనా చెప్పమంటారా?" కొందరు పెద్దవాళ్లు "మా పెద్దోనికి చెప్పుండ్రి" అంటారు. అది వాళ్ల నిర్ణయం, గౌరవించాలి. ఎక్కువమంది మాత్రం "నాకు తెల్వదా బిడ్డా, పోరగాండ్లు భయపడ్తరని అడుగుతలేను" అంటారు. తండ్రికీ కొడుకుకీ ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఒకరి దగ్గర ఒకరు దాస్తున్నారు. పొలం ఎవరి పేరున రాయాలి, చెల్లెలి పెళ్లి ఎలా, ఈ మాటలన్నీ లోపలే ఉండిపోతాయి. ఆ ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టి తలుపు దగ్గరికి వేయడం నా ఉద్యోగంలో నేను ఎంతో విలువిచ్చే పని.

రహస్యం కాపాడటం గురించి పుస్తకాల్లో ఉంటుంది. కారిడార్‌లో ఎలా ఉంటుందంటే, రోగి ఊరివాళ్లు వరసగా వచ్చి "ఏం జబ్బు మేడం?" అని ఆప్యాయంగా అడుగుతారు. చెప్పకూడదు. హెచ్‌ఐవీ విషయంలో రోగి అనుమతి లేకుండా బయటపెట్టడం 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టానికి విరుద్ధం కూడా. దాతల కోసమని రోగి ఫొటోను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టే అలవాటు ఇప్పుడు పెరిగింది. రోగికి పూర్తిగా వివరించి, రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప పెట్టకండి. పిల్లల ఫొటోలైతే అసలే వద్దు. ఆ పిల్లలు పెద్దయ్యాక కూడా ఆ ఫొటో తిరుగుతూనే ఉంటుంది.

అయితే దాచకూడనివీ ఉన్నాయి. పదిహేడేళ్ల అమ్మాయి గర్భంతో వస్తుంది. తల్లి కాళ్లు పట్టుకుంటుంది, "పరువు పోతది, ఎవరికీ చెప్పకండి" అని. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి, చెప్పకపోతే మనకూ శిక్ష ఉంది. కాబట్టి "నేనెవరికీ చెప్పను, నాతో చెప్పు" అని ఏ పిల్లతోనూ మొదలుపెట్టకూడదు. "నువ్వు చెప్పేదాంట్లో నిన్ను కాపాడటానికి అవసరమైనంత మాత్రం కొందరికి చెప్పాల్సి రావచ్చు" అని ముందే చెప్పాలి. పిల్లల కోసం 1098, మహిళల కోసం 181 ఉన్నాయి. మీ జిల్లాలో సఖి కేంద్రం (హింసకు గురైన మహిళలకు సాయం చేసే చోటు) ఎక్కడుందో, రాత్రిపూట ఎవరు ఫోన్ ఎత్తుతారో ముందే వెళ్లి చూసి రండి.

అవయవదానం విభాగంలోకీ మీరు వెళ్లవచ్చు. జీవన్‌దాన్ కార్యక్రమం 2013 నుంచి నడుస్తోంది, ఆస్పత్రుల్లో ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్లుగా సోషల్ వర్కర్లు పనిచేస్తున్నారు. బ్రెయిన్ డెత్‌ను నలుగురు వైద్యుల బృందం, కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి నిర్ధారించాలి. ఆ ఆరు గంటలు ఆ కుటుంబంతో ఎలా ఉండాలన్నదే అక్కడి నైపుణ్యం. గుండె కొట్టుకుంటూ, ఒళ్లు వెచ్చగా ఉన్న మనిషి చనిపోయాడంటే వాళ్లు ఎలా నమ్ముతారు? డాక్టరు చెప్పిన మాట లోపలికి దిగాక గానీ దానం ప్రస్తావన తేకూడదు. వద్దంటే, అంతకు ముందు ఎంత మర్యాదగా మాట్లాడామో అంతే మర్యాదగా వాళ్లను పంపాలి. ఒప్పించి తీరాలన్న పట్టుదల ఉన్నవాళ్లు ఈ విభాగానికి వద్దు.

చదువు సంగతి. ఎంఎస్‌డబ్ల్యూలో మెడికల్ అండ్ సైకియాట్రిక్ స్పెషలైజేషన్ ఉన్న చోట చేరండి. మన దగ్గర ఆంధ్ర విశ్వవిద్యాలయం, తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, హైదరాబాద్‌లో రోడా మిస్త్రీ కాలేజీలో సోషల్ వర్క్ చెబుతారు. బయటైతే ముంబై టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్). ఏ స్పెషలైజేషన్ ఈ ఏడాది నడుస్తోందో, ఫీల్డ్‌వర్క్ ఏ ఆస్పత్రిలో వేస్తారో, అక్కడ మిమ్మల్ని చూసుకునే సీనియర్ సోషల్ వర్కర్ ఉన్నారో లేదో చేరేముందే అడగండి. ఫీల్డ్‌వర్క్ అంటే సంతకాలు పెట్టించుకోవడంగా సాగే చోట ర్యాంకు వచ్చినా పని రాదు. మానసిక ఆరోగ్యం వైపు వెళ్లాలంటే ఎంఎస్‌డబ్ల్యూ తర్వాత రెండేళ్ల ఎంఫిల్ సైకియాట్రిక్ సోషల్ వర్క్ ఉండాలి, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ అర్హతనే చెబుతుంది. బెంగళూరు నిమ్హాన్స్ దీనికి పేరున్న చోటు. ఈ కోర్సులో కొత్తవాళ్లను చేర్చుకుంటున్నారో లేదో ముందే కనుక్కోండి. 2021లో వచ్చిన అనుబంధ, ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం మెడికల్ సోషల్ వర్కర్లను ఆరోగ్య వృత్తుల జాబితాలో చేర్చింది. ఇది మాకు చాలాకాలంగా లేని గుర్తింపు.

ఉద్యోగాల విషయంలో ఉన్నదున్నట్టు చెబుతాను. మెడికల్ కాలేజీల కమ్యూనిటీ మెడిసిన్ విభాగాల్లో, ఏఆర్టీ (హెచ్‌ఐవీ చికిత్స), ఐసీటీసీ (హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్) కేంద్రాల్లో, టీబీ, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాల్లో, బ్లడ్ బ్యాంకుల్లో, పాలియేటివ్ కేర్‌లో (తీవ్రమైన జబ్బులో బాధ తగ్గించే వైద్యం) పోస్టులు ఉంటాయి. చాలావరకు కాంట్రాక్టువి. జీతం నెమ్మదిగా పెరుగుతుంది. ఇంట్లో ఆర్థిక బాధ్యత మీ మీదే ఉంటే ఈ సంగతి ఇప్పుడే లెక్కలో పెట్టుకోండి. కొన్ని ప్రైవేటు ఆస్పత్రుల్లో మీ హోదా సోషల్ వర్కర్ అని ఉంటుంది, చేయించే పని బిల్లు కట్టించడం. అక్కడ కౌన్సెలింగ్ అంటే ప్యాకేజీ రేటు చెప్పి ఒప్పించడం. ఒకచోట నేనూ ఎనిమిది నెలలు అలా చేసి, ఉండలేక వచ్చేశాను. ఇంటర్వ్యూలో రెండు ప్రశ్నలు అడగండి: నేను ఎవరికి రిపోర్ట్ చేయాలి, మెడికల్ సూపరింటెండెంట్‌కా, బిల్లింగ్ మేనేజర్‌కా? కేస్ షీట్‌లో నేను రాయవచ్చా? జవాబుల్లోనే ఆ ఉద్యోగం ఏమిటో తెలిసిపోతుంది.

హద్దుల గురించి రెండు మాటలు. సొంత డబ్బు ఇవ్వకండి. కఠినంగా అనిపిస్తుంది, కానీ ఒక బెడ్‌కు ఇచ్చి పక్క బెడ్‌కు ఇవ్వకపోతే ఆ వార్డులో మీరు ఇక పనిచేయలేరు. దాతల నుంచి వచ్చేదాన్ని రసీదుతో, అందరికీ ఒకే నియమంతో ఇప్పించండి. సొంత ఫోన్ నంబరు కాకుండా డిపార్ట్‌మెంట్ నంబరు ఇవ్వండి. నెలకోసారైనా సీనియర్ ఒకరితో కూర్చుని, మిమ్మల్ని వదలకుండా వెంటాడుతున్న కేసు గురించి మాట్లాడండి. అలాంటి మనిషి మీ ఆస్పత్రిలో లేకపోతే బయట వెతుక్కోండి. నాకు మొదటి ఐదేళ్లు ఎవరూ లేరు. నిద్ర పాడైంది, ఇంట్లో పిల్లల మీద అరిచేదాన్ని. ఎందుకో అప్పుడు తెలియలేదు.

ఇప్పుడు మీ ఏడుపు సంగతి. ఏడుపు రావడం వల్ల ఎవరూ ఈ పనికి పనికిరాకుండా పోరు. ఆ సమయంలో మీరు ఎవరిని చూస్తున్నారన్నదే తేడా. మీ ఏడుపు చూసి రోగి తల్లే మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తే, అక్కడి నుంచి రెండు నిమిషాలు పక్కకు వెళ్లాలి. నేను చేరిన మొదటి ఏడాది, డెంగీతో ఏడేళ్ల బాబు చనిపోయాడు. నాకు కన్నీళ్లు ఆగలేదు. అప్పటి హెడ్ సిస్టర్ నన్ను తిట్టలేదు, ఓదార్చలేదు. "డెత్ సమ్మరీ మీద తండ్రి పేరు సరిగ్గా ఉందో లేదో చూడు, తర్వాత సర్టిఫికెట్‌కి ఇబ్బందవుతుంది. వాళ్ల ఊరికి బండి మాట్లాడు. తల్లి పొద్దటి నుంచి ఏమీ తినలేదు" అంది. పేరులో ఒక అక్షరం తప్పుంది. దిద్దించాను. బండి మాట్లాడి, డ్రైవర్ నంబరు బాబు మేనమామకు రాసిచ్చాను. క్యాంటీన్ నుంచి పాలు తెచ్చి తల్లి పక్కన కూర్చున్నాను. సగం గ్లాసు తాగింది. బండి గేటు దాటేదాకా ఆమె నా చేయి వదల్లేదు. నేను ఏడుస్తున్నానని అప్పుడు గానీ గమనించలేదు.

ఎంఎస్‌డబ్ల్యూ అప్లికేషన్ నింపేముందు ఒక పని చేయండి. మీ జిల్లా ఆస్పత్రికి తెలిసినవాళ్లు ఎవరైనా చూపించుకోవడానికి వెళ్తుంటే వాళ్లకు తోడుగా వెళ్లండి. ఓపీ చీటీ తీసుకునే దగ్గర్నుంచి మందుల కౌంటర్ దాకా వాళ్లతోనే నిలబడండి. ఎక్కడ ఎంతసేపు ఆగారో, ఎవరు ఏం అడిగారో, వాళ్లకు ఏం అర్థం కాలేదో సాయంత్రం రాసుకోండి. అది నాకు పంపితే చదివి, మీకు ఏం కనిపించిందో, ఏం కనిపించలేదో చెబుతాను.